పహచాన్ లేని దవా: మన అనాజ్‌లో పెంకు పురుగుల తారీఖ్

గోధుమలతో పాటు ఘున్ కూడా నలిగిపోతుందని ఉర్దూలో ఒక కహావత్ ఉంది. తప్పు చేసినవాడితో పాటు పక్కనున్న బేకసూర్‌కి కూడా దెబ్బ తగిలితే మన పెద్దలు ఈ మాట అంటారు. పంచాయితీల్లో, రాజకీయాల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఆ ఘున్ ఏ పురుగు? బియ్యం డబ్బాలో పాకే సుర్సురీకీ దానికీ ఫరక్ ఏమిటి? ఈ సవాల్ వేస్తే నేడు చాలా ఇళ్లలో జవాబు రాదు. కహావత్ మిగిలింది, పురుగు పహచాన్ పోయింది.

ఎన్టీఆర్ జిల్లాలో రెడ్డిగూడెం, తిరువూరు, విస్సన్నపేట వైపు మామిడి తోటల ఇలాకా. వరి, మొక్కజొన్న, మిర్చి కూడా పండుతాయి. వానలు మొదలై గాలిలో తేమ పెరిగిందంటే ఇంట్లో ఒక్కోచోట ఒక్కో పురుగు బయటికొస్తుంది. బియ్యం డ్రమ్ములో ఒకటి, పెసల డబ్బాలో ఒకటి, కారం, పసుపులో మరొకటి, మంచం కోళ్ల కింద సన్నటి పొడి రాల్చేది ఇంకొకటి. అన్నిటికీ మనం పెట్టిన పేరు ఒక్కటే, పురుగు. అన్నిటికీ వెతికే దవా కూడా ఒక్కటే, దుకాణంలో దొరికే గోలీ. ఆ గోలీ ఇంటిల్లిపాది జాన్ తీయగలదు. అందుకే ఈ తారీఖ్ తెలుసుకోవాలి.

వెన్నుతోనే దాచమన్న హికమత్

అనాజ్ పురుగు కథ మనిషి గాదె కట్టిన రోజే మొదలైంది. ఈజిప్టులో సఖ్ఖారా దగ్గర సుమారు 4300 ఏళ్ల నాటి సమాధిలో గోధుమ ముక్కు పురుగు అవశేషాలు దొరికాయి. 1922లో బయటపడిన తూతన్‌ఖామున్ మఖ్బరాలో ఆఖిరత్ ప్రయాణం కోసం పెట్టిన తిండిలోనూ పెంకు పురుగులు కనిపించాయి. వాటి జాతులు నేడు మన మసాలా డబ్బాల్లో ఉన్నవే. బాద్షా సమాధినే వదలని పురుగు మన వంటింటిని వదులుతుందా!

అదే మిస్ర్ దేశంలో హజ్రత్ యూసుఫ్ (అ.స.) చెప్పిన తద్బీర్ మనందరికీ మాలూమే. ఏడేళ్లు పండించండి, తినడానికి కావలసిన కొంచెం తప్ప మిగతాది వెన్నుల్లోనే ఉంచండి అన్నది దాని సారాంశం. దీని వెనుక హికమత్ పురుగు శాస్త్రం చదివితే ఇంకా బాగా అర్థమవుతుంది. గింజ మీద పొట్టు చెదరకుండా ఉంటే ముక్కు పురుగు ఆడది దానికి రంధ్రం చేసి గుడ్డు పెట్టడం కష్టం. పొట్టు తీసిన గింజ తలుపు లేని ఇల్లు.

సూరె అఅరాఫ్‌లో ఫిరౌన్ కౌమ్ మీద వచ్చిన అజాబ్‌ల వరుసలో ‘ఖుమ్మల్’ అనే లఫ్జ్ ఉంది. పేలు అని కొందరు ముఫస్సిరీన్ అర్థం చెప్పారు. గోధుమల్లోంచి వచ్చే పురుగు అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి.) నుంచి రివాయత్ ఉంది. మౌలానా మౌదూదీ తన ఉర్దూ తర్జుమాలో దీనికి ‘సుర్సురియాఁ’ అనే మాటే వాడారు. మన నానీమాలు బియ్యం చెరుగుతూ విసుక్కున్న మాట తఫ్సీర్ పుటల్లో కూడా ఉందన్నమాట.

అంబార్‌ఖానా నుంచి పురి దాకా

దక్కన్‌లో అనాజ్ హిఫాజత్ హుకూమత్ పని కూడా. గోల్కొండ ఖిల్లాలో అబ్దుల్లా కుతుబ్ షా జమానాలో, 1642లో కట్టించిన అంబార్‌ఖానాను ఇవాళ్టికీ చూడొచ్చు. కడప జిల్లా గండికోటలో జామియా మస్జిద్ పక్కనే పెద్ద ధాన్యాగారం ఉంది. మందపాటి రాతి గోడలు లోపలి వేడిని, తేమను ఒక్కసారిగా మారనివ్వవు. ముట్టడి రోజుల్లో ఖిల్లా బతకాలంటే ఫిరంగుల కంటే ముందు గింజ నిలవాలి.

మామూలు రైతు దగ్గర ఖిల్లా లేదు, కానీ తజ్రుబా ఉంది. తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో జొన్నలు పాతర వేశారు. అరబ్బు దేశాల్లో దీన్నే మత్మూరా అంటారు. నేలలో గుంత తవ్వి, గింజ పోసి, మూత వేసి మట్టితో మెత్తేస్తే లోపలికి గాలి రాదు. గింజా పురుగూ కలిసి లోపలున్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి, ఆ తర్వాత పురుగు ఊపిరాడక చస్తుంది. తడి నేలల కృష్ణా, గోదావరి ప్రాంతాల్లో పాతర కుదరదు. అక్కడ గడ్డి వెంటితో పురి కట్టారు, వెదురు గాదెకు మట్టీ పేడా మెత్తారు, ఇంట్లో గరిసెలు పెట్టారు. అన్నిట్లోనూ దాచింది వడ్లే, బియ్యం కాదు. కావలసినప్పుడు కావలసినన్ని దంచుకునేవారు. వెన్నులో దాచమన్న ఆ తద్బీరే ఇది, పొట్టు రూపంలో.

పప్పుల నుస్ఖా వేరు. కందులకు ఎర్రమట్టి కట్టేవారు, పెసలకు ఆముదం రాసేవారు, మినుముల మీద బూడిదో ఇసుకో పోసేవారు. ఇవి వహం కాదు. నూనె పూత గుడ్డుకు గాలి అందకుండా చేస్తుంది. బూడిద రేణువులు పురుగు ఒంటి మీది మైనం పొరను గీకేస్తాయి, అది ఎండి చస్తుంది. గింజల సందులు నిండిపోతే తిరగడానికి, జత కట్టడానికి జాగా ఉండదు.

పురుగు గాదె నుంచి వంటింటికి

ఈ ఇంతెజామ్ అంతా వడ్ల చుట్టూ అల్లుకున్నది. రైసు మిల్లులు వచ్చాక దంపుడు పోయింది. 1965లో భారత ఆహార సంస్థ, అంటే ఎఫ్‌సీఐ పుట్టింది. ధాన్యం రైతు ఇంటి నుంచి సర్కారీ గోదాంలకు మారింది. అదే సమయంలో ఇళ్లలో ధాన్యం కాపాడుకోవడం నేర్పే ‘సేవ్ గ్రెయిన్’ ప్రచారాన్ని కేంద్ర సర్కారు మొదలుపెట్టింది. 1983లో ఎన్టీఆర్ సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. గరీబు ఇంట్లో రోజూ వరి అన్నం ఉడకడం చిన్న మార్పు కాదు. దాంతో పాటే ఇంకో మార్పు వచ్చింది. గాదెలో వడ్ల బదులు వంటింటి మూలలో పాలిష్ బియ్యం బస్తా వచ్చింది. పొట్టు అనే తలుపు పోయింది. గోదాంలో, లారీలో, డీలర్ దుకాణంలో ఎక్కడ ఎక్కిన పురుగైనా సీదా మన డ్రమ్ములోకి దిగుతుంది.

పెద్దల నుస్ఖాలు వడ్లకు, విడి పప్పులకు పుట్టినవి. బియ్యానికి అవి ఎంతవరకు పనిచేస్తాయో ఆలోచించే తీరిక ఎవరికీ దొరకలేదు. ఆ ఖాళీలోకి గోలీ వచ్చింది.

ఎవరు ఎవరు: ఒక్కొక్కరి హులియా

ముందు ముక్కు పురుగు. మనం సుర్సురీ అనేది, కొన్ని ఇళ్లలో లక్క పురుగు అనేది దీన్నే. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది, ముందు ఏనుగు తొండంలా ముక్కు, వీపు మీద నాలుగు ఎర్రటి మచ్చలు. ఆడది గింజలో చిన్న రంధ్రం తొలిచి, గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు లోపలే తిని, లోపలే పెరిగి, సుమారు నెలకు పెద్దదై బయటికొస్తుంది. కాబట్టి కళ్లకు కనిపించినవాటిని ఏరేస్తే పని అయిపోదు, అసలు ఫౌజ్ గింజల లోపల ఉంది.

రెండోది నుసి పురుగు. గుండ్రటి పుల్లముక్కలా ఉంటుంది, తల కిందికి వంగి పైనుంచి చూస్తే కనిపించదు. గింజల కింద పిండిలాంటి నుసి ఎక్కువగా రాలితే ఇదే. ఇది వడ్ల పొట్టును కూడా దాటుకోగలదు.

మూడోది పిండి పురుగు. ఎర్రటి గోధుమ రంగు, చదును ఒళ్లు, ముక్కు ఉండదు. ఆటా, మైదా, సూజీ, సేమియా, బియ్యం నూకల్లో బతుకుతుంది. నిండు గింజను కొరకలేదు. ఎక్కువైతే పిండి గులాబీ ఛాయకు తిరిగి ఘాటు వాసన వస్తుంది. ఆ వాసన పురుగు ఒంట్లోంచి వచ్చే రసాయనాలది. జల్లించినా ఆ వాసన పోదు, అలాంటి పిండి పారేయాల్సిందే.

నాలుగోది పప్పు పురుగు, ఉర్దూలో ఢోరా. పెసలు, శనగలు, కందులు, అలసందల మీద తెల్లటి చుక్కల్లా గుడ్లు అతికిస్తుంది. గింజకు గుండ్రటి కన్నం పెట్టి బయటికొస్తుంది. చాలాసార్లు చేనులో కాయ మీదే గుడ్లు పెట్టేసి ఇంటికి మెహమాన్‌లా వస్తుంది. పొట్టు తీసి బద్దలు చేసిన పప్పులో దీనికి పెద్దగా ఠికానా ఉండదు.

ఐదోది మసాలా, పొగాకు పురుగుల జోడీ. మిర్చి, పసుపు కొమ్ములు, ధనియాలు, యూనానీ దవాఖానాల ఎండు వేర్లు, అన్నిట్లోనూ ఉంటాయి. చిన్నగా, గుండ్రంగా, గూని వీపుతో కనిపిస్తాయి. ఇంగ్లీషువాళ్లు ఒకదాన్ని సిగరెట్ పురుగు అన్నారు, రెండోదాన్ని మందుల షాపు పురుగు అన్నారు. హకీమ్ గారి అలమారీకి ఇవి పాత దుష్మన్‌లు.

ఆరోది కట్టె తొలిచే పురుగు. ఉర్దూలో ఘున్ అనే పేరు గింజ పురుగుకూ, కట్టె పురుగుకూ ఇద్దరికీ ఉంది. మామిడి కట్టెతో చేసిన మంచాలు, పీటలు దీనికి ఇష్టం. చిన్న గుండ్రటి రంధ్రం, దాని కింద పౌడరులాంటి పొడి కనిపిస్తే ఇదే. దీమక్, అంటే చెద, వేరే జాతి. చెద మట్టి గొట్టాలు కడుతుంది, ఇది కట్టదు. హజ్రత్ సులైమాన్ (అ.స.) అసాను తిన్న జీవిని ఉర్దూ తర్జుమాల్లో కొందరు దీమక్ అన్నారు, కొందరు ఘున్ అన్నారు. రెండింటి పని పైకి ఒకేలా కనిపించడమే దీనికి కారణం కావచ్చు.

మన వైపు ఇంకొకటి కూడా కనిపిస్తుంది. మామిడి టెంక పగిలితే లోపల ముదురు రంగు ముక్కు పురుగు. చూసి హడలిపోయేవాళ్లున్నారు. ఇది మామిడి టెంకలోనే పెరిగే పురుగు, బియ్యం జోలికి రాదు. కానీ దీని వల్ల కూడా అమెరికా మన మామిడికి ఏళ్ల తరబడి దర్వాజా మూసింది. కాయలను రేడియేషన్‌తో శుద్ధి చేశాకే పంపాలన్న షర్తు మీద 2007లో తెరిచింది.

దునియా చుట్టిన మన మాట: ఖప్రా

ఈ పురుగుల్లో మన భాష పేరుతోనే ప్రపంచమంతా పిలిచేది ఒక్కటే, ఖప్రా. ఖప్రా అంటే పెంకు, ఇంటి కప్పు పెంకు. పెంకుటింటిని ఖప్రైల్ అనేది ఆ మాటతోనే. తెలుగులో మనం ఈ జాతినంతా పెంకు పురుగులే అంటాం, ఇత్తెఫాక్ చూడండి. దీని ఒరిజినల్ వతన్ హిందుస్తాన్ అనే అంటారు. శాస్త్రీయ నామం మాత్రం 1898లో నెదర్లాండ్స్‌కు చెందిన ఎవర్ట్స్ అనే శాస్త్రవేత్త పెట్టాడు.

నుక్సాన్ చేసేది దీని పిల్ల పురుగు. ఒళ్లంతా వెంట్రుకలు. తిండి లేకపోతే గోడ పగుళ్లలో, గోనె సంచి కుట్లలో దూరి ఏళ్ల తరబడి నిద్రలో ఉండగలదు. 1953లో ఇది అమెరికా కాలిఫోర్నియా గోదాంలలో బయటపడింది. అంతకు కొన్నేళ్ల ముందే అక్కడ దొరికిన నమూనాను వేరే పురుగుగా భావించి వదిలేశారని తర్వాత తేలింది. ఆ పహచాన్ తప్పడం వల్ల ఏం జరిగిందో చూడండి. పెద్ద పెద్ద గోదాంలను మొత్తంగా టార్పాలిన్లతో కప్పి లోపల విషవాయువు నింపాల్సి వచ్చింది. ఆ ముహిమ్ 1966 దాకా సాగింది. నేటికీ అమెరికా ఈ పేరు వింటే ఉలిక్కిపడుతుంది. 2011 నుంచి ఖప్రా ఉన్న దేశాల ప్రయాణికులు సూట్‌కేసులో బియ్యం తీసుకెళ్లడం అక్కడ మనా. అమెరికాలో ఉన్న బిడ్డకు ఇంటి బియ్యం కట్టి పంపే అమ్మీలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

యా కబీకజ్

పాత అరబీ, ఫార్సీ చేతిరాత కితాబులు తెరిస్తే మొదటి పుటలోనో చివరి పుటలోనో ‘యా కబీకజ్’ అని రాసి ఉండటం కనిపిస్తుంది. కీర్మె కితాబీ, అంటే కితాబు పురుగు, దగ్గరికి రాకూడదని కాతిబులు రాసిన మాట అది. ఆ కితాబు పురుగు కూడా చాలావరకు పెంకు పురుగు పిల్లే, మసాలా పురుగుకు రిష్తేదార్.

కబీకజ్ అసలు ఒక మొక్క పేరు. ఘాటైన విషపు మొక్క. దాంతో పురుగును దూరం పెట్టవచ్చని పాతవాళ్లకు తెలుసు. కాలం గడిచాక మొక్క పోయింది, పేరు మిగిలింది. పేరు రాస్తే చాలనుకున్నారు. కొందరు కబీకజ్ అంటే పురుగుల బాద్షా అని, జిన్ను అని కూడా నమ్మారు. దవా కాస్తా తావీజ్ అయిపోయింది. పురుగు మాత్రం చదువు రానిది, పుటలు తింటూనే పోయింది.

మన వంటింట్లో ఇదే జరిగింది. బియ్యం డ్రమ్ము పైన నాలుగు వేపాకులు వేసి మూతపెడతాం. వేపాకు, వావిలాకు, లవంగం వాసనకు కొత్త పురుగు కొంత దూరం ఉంటుంది. గింజ లోపల అప్పటికే ఉన్న పిల్ల పురుగుకు ఆ వాసన చేరదు. ఎందుకు వేస్తున్నామో మరిచి వేస్తే ఆ ఆకు కూడా ‘యా కబీకజ్’ లాంటిదే.

గోలీ జమానా

ఆజాదీ తర్వాత గోదాంలకు రసాయనాలు వచ్చాయి. బీహెచ్‌సీ పొడి చల్లారు, 1997లో దాన్ని నిషేధించారు. ఇళ్లలో గింజకు వాడమని ఈడీబీ గాజు గొట్టాలు ఇచ్చారు. క్యాన్సర్ భయంతో అదీ 2001లో పోయింది. మిగిలింది అల్యూమినియం ఫాస్ఫైడ్ గోలీ. జనం నోట సెల్ఫాస్ గోలీ.

ఇది గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే వాయువు వదులుతుంది. పురుగు ఊపిరి ఆపేది అదే, మనిషి ఊపిరి ఆపేది కూడా అదే. దానికి విరుగుడు మందు లేదు. సర్కారీ సంస్థలు, లైసెన్సు ఉన్న పురుగు నివారణ సిబ్బంది మాత్రమే, నిపుణుల నిగ్రానీలో వాడాలని కానూన్ చెబుతుంది. పది, ఇరవై గోలీల చిన్న గొట్టాల తయారీ, అమ్మకం 2001లోనే బంద్ చేశారు. అయినా చాటుగా చేతులు మారుతూనే ఉన్నాయి. బియ్యం బస్తాలో గోలీ వేసి అదే గదిలో పిల్లలతో పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవలేదన్న ఖబర్లు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. పైగా ఏళ్ల తరబడి చాలీచాలని మోతాదుల్లో వాడటం వల్ల పురుగులకు ఈ వాయువును తట్టుకునే తాకత్ వచ్చింది. 1972-73లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ చేసిన ప్రపంచ సర్వేలోనే ఇది బయటపడింది.

పాదరసం కలిపిన పారా టిక్కీలు, బోరిక్ పొడి కూడా గింజలో కలపొద్దు. రెండూ జహరే, పసిపిల్లలకు మరీ ఖతర్నాక్.

మరి ఏం చేయాలి?

బియ్యంలో సుర్సురీ ఉంటే పళ్లెంలో పల్చగా పరిచి నీడలో గాలికి ఉంచండి, చాలావరకు పాకి వెళ్లిపోతాయి. మండే ఎండలో పెడితే బియ్యం పగులుతుంది. కొద్దిగా ఉంటే మూటకట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్డుతో సహా చస్తాయి. కొత్త బియ్యం ఎప్పుడూ పాత బియ్యం మీద పోయొద్దు. డ్రమ్ము ఖాళీ చేసి, కడిగి, ఎండబెట్టి, అప్పుడు పోయండి. పాత గోనె సంచి మళ్లీ వాడాలంటే వేడినీళ్లలో ముంచి ఎండబెట్టాలి.

పెసలు, కందులకు ఎండే అసలు దవా. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పారదర్శక ప్లాస్టిక్ సంచుల్లో కందులు పోసి ఎండలో పెడితే లోపలి వేడికి పప్పు పురుగు చస్తుందని చూపారు. ఆ తర్వాత ఆముదం రాసి గట్టి మూత డబ్బాలో పెట్టండి. గాలి చొరని సంచులు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. 1980ల్లో ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల కోసం తయారుచేసిన ఆ పద్ధతి మన పాతరకు కొత్త రూపమే.

పిండి, మసాలాలు నెలకు సరిపడా మాత్రమే కొనండి. రమజాన్ కోసం సేమియా, ఖజూర్, డ్రైఫ్రూట్స్ ముందే తెస్తే సగం ఫ్రిజ్‌లో పెట్టండి. మంచానికి ఘున్ పడితే రంధ్రాల చుట్టూ తాజా పొడి రాలుతోందో లేదో చూడండి. రాలకపోతే పురుగు వెళ్లిపోయినట్టే. రాలుతుంటే ఆ కట్టెను వేరు చేసి వడ్రంగికి చూపించాలి, అంతేగానీ వంటింటి మందు దానికి పనిచేయదు.

అబూ దావూద్ హదీసు సంకలనంలో ఒక రివాయత్ ఉంది. హుజూర్ (స.అ.వ.) ముందు పాత ఖజూర్లు పెడితే, ఒక్కొక్కటి పరిశీలించి, పురుగును తీసేయడం మొదలుపెట్టారని హజ్రత్ అనస్ (రజి.) చెప్పారు. పురుగు ఉందని మొత్తం పారేయలేదు, చూడకుండా తినలేదు. ఈసారి వానలకు ముందు బియ్యం డ్రమ్ము తెరిచినప్పుడు గుప్పెడు గింజలు తెల్ల కాగితం మీద పోసి చూడండి. ముక్కు ఉందా, నుసి ఉందా, గింజకు కన్నం ఉందా? ఇంట్లో దాదీమా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమెకు ఆ పురుగు పేరు గుర్తుండవచ్చు.